రబ్బరు బంతి నొక్కాను, గంట మోగలేదు

నా మాట ఎవరూ వినలేదు. ఈ సంగతితోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే ఇప్పటిదాకా ఇది కూడా ఎవరూ వినలేదు. నన్ను చూసిన డాక్టరుకు చెప్పాను. ఆయన పైడాక్టరుకు చెబుదామని వెళ్తే, మీటింగులో ఉన్నారని బయట కూర్చోబెట్టి, చాలాసేపటికి ఆయన వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయారని చెప్పారు. ఆసుపత్రి గోడకు ఫిర్యాదుల పెట్టె ఉంటే అందులో కాగితం వేశాను. నెల పోయాక వెళ్ళి చూస్తే నా కాగితం అంచు ఆ సందులోంచి అలాగే బయటికి కనిపిస్తోంది. పెట్టె నిండిపోయింది. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే అక్కడ ఎవరికీ తెలియదు.

అయిపోయినదానికి ఇంకా ఎందుకంటారు ఇంట్లోవాళ్ళు. వాళ్ళకి అయిపోయింది. నా కుడిచేతి చివరి రెండు వేళ్ళకి అవలేదు. పెన్సిలుకు పాతగుడ్డ చుట్టి, లావు చేసుకుని, గుప్పిట్లో పట్టుకుని ఇది రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే ఉంటాయి. విషయం వంకరగా లేదు.

నేను సిద్ధగోరాలో ఉంటాను. మా నాన్న శ్రీకాకుళం వైపునుంచి టాటానగర్ రైల్వేలో పనికి వచ్చాడు. నేను రైల్వేకి వెళ్ళకుండా ఒక ఫౌండ్రీలో గ్రైండింగు పనికి చేరాను. అచ్చులోంచి తీసిన ఇనపసరుకు అంచుల్లో మిగిలిన గరుకును గ్రైండరు పెట్టి నున్నగా చేయడం నా పని. రిటైరయ్యేదాకా అదే చేశాను. ఆ పని సంగతి మళ్ళీ వస్తుంది, అందుకని ముందే చెబుతున్నాను.

మొదట పోయినవి గుండీలు. చొక్కా పైగుండీ వేళ్ళ మధ్య పట్టుకుంటే అది అక్కడ ఉందో లేదో తెలిసేది కాదు. చూస్తే ఉండేది. కళ్ళు పక్కకి తిప్పితే పోయేది. చలికాలం వచ్చి స్వెట్టరు వేసుకోవాల్సిన రోజుల్లో, అద్దం ముందు నిలబడి ఒక్కొక్క గుండీతోనూ తగువు పడుతుంటే, మా ఆవిడ వంటగదిలోంచి చూసింది.

"ఏటయ్యా, సొక్కాతోటి కుస్తీ పడతన్నావా?"

"ఏళ్ళు తిమ్మిరెక్కినాయి."

"ఇటు తిరుగు." పిండిచేతులు కొంగుకు తుడుచుకుని గుండీలన్నీ గబగబా పెట్టేసింది. మర్నాడు కూడా తనే పెట్టింది. ఆ తర్వాత నేను పిలవకుండానే వచ్చి పెట్టేది. ఆ విషయం మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

తర్వాత కాళ్ళు. నొప్పి లేదు. ఎవరో కాళ్ళకి చెక్కబద్దలు కట్టినట్టు బిగుసుకుని, నేలమీద ఎక్కడ ఆనుతున్నాయో తెలియకుండా పోయాయి. ఒకసారి సాక్చీ బజారులో ఒక చెప్పు జారిపోయింది. ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విడవబోతే ఒకటే ఉంది. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అయినా నవ్వారు, వేరేచోట.

బిర్సానగర్‌లో మా బావమరిది ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. నేను గుమ్మం దాటుతూ తూలి, మామిడాకుల తోరణం పట్టుకుని లాగేశాను. తోరణం నా మెడలో పడింది. బావమరిది అందరిముందూ అన్నాడు: "ఏటి బావా, పూజ అవ్వకముందే ఏసీసినావేటి?"

పందిట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నేను మందు ముట్టను. అది వాడికి తెలుసు, పందిట్లో సగంమందికి తెలుసు. నవ్వినవాళ్ళ ముఖాలు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి. అందులో ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. ఆయన ఇప్పటికీ పలకరిస్తాడు. నేను మాత్రం తల ఊపుతాను, అంతే.

ఇక డాక్టరు. ఎముకల డాక్టరు. ఆయన గదిలోకి వెళ్ళి కూర్చోగానే నేను చెప్పిన మొదటి మాట: చేతులు. "హాథ్ మే పకడ్ నహీ హై, డాక్టర్ సాబ్." ఇంతకంటే తేలిక హిందీలో ఎవరూ చెప్పలేరు. ఆయన ఫోనులో ఏదో చూస్తున్నాడు. తల ఎత్తి, "చల్ కే దిఖాయియే" అన్నాడు. గోడనుంచి తలుపుదాకా నడిచాను. తలుపునుంచి గోడదాకా నడిచాను. "నడుములో నరం నొక్కుతోంది, ఈ వయసులో మామూలే" అన్నాడు. వేళ్ళ సంగతి మళ్ళీ చెప్పాను. షుగరన్నాడు. షుగరు లేదన్నాను. రేపు వస్తుందన్నట్టు చూశాడు. నడుముకు బెల్టు రాశాడు.

ఆ బెల్టు నా చేతులతో నేను పెట్టుకోలేను. అదీ ఆ వైద్యం.

మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ నడిపించాడు. చేతులు అని ఎన్నిసార్లు అన్నానో అన్నిసార్లూ ఆయన నడుము అన్నాడు. చివరికి విసుగుపుట్టి, నడుముకు ఎమ్మారై రాసిచ్చాడు. అయస్కాంతంతో లోపలి నరాల బొమ్మ తీసే యంత్రం అది. "మెడకు కూడా తీయరా? చేతులకు నరాలు మెడనుంచే కదా వస్తాయి, మా వీధిలో అందరూ అదే అంటున్నారు" అన్నాను. "తో వీధివాళ్ళ దగ్గరే చూపించుకోండి" అన్నాడు. అది ఆయన హిందీలోనే అన్నాడు. నేనిక్కడ మన భాషలో రాశాను. కానీ ఒక్క మాట కూడా మార్చలేదు.

స్కాన్ సెంటరు కాసిడీహ్‌లో ఉంది. నాతో మా అమ్మాయి వచ్చింది. నేను తెలుగులో అడిగితే తను హిందీలో జవాబు చెబుతుంది, పుట్టి పెరిగింది ఇక్కడే కదా. యంత్రం నడిపే టెక్నీషియన్ ముప్పై దాటిన మనిషి. లోపలికి పంపేముందు ప్రశ్నలు అడిగాడు. గుండెలో మెషీన్ ఉందా, తలలో క్లిప్పు ఉందా, ఒంట్లో రాడ్డు వేశారా. నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి "నహీ, నహీ" అంటోంది. పెళ్ళివాళ్ళు బేరం కుదుర్చుకుంటుంటే పెళ్ళికొడుకు కూర్చున్నట్టు నేను మధ్యలో కూర్చున్నాను.

"ఆంఖ్ మే కభీ చోట్?"

ఈ ఒక్కదానికి మాత్రం నేనే జవాబు చెప్పాను. లేదన్నాను.

అబద్ధం చెప్పలేదు. మా ఊళ్ళో, మా పనిలో, కంట్లో ఇనుము పడటం దెబ్బ కాదు. పొలంపనివాడి కాలికి బురద అంటినట్టు అది. గ్రైండరు పట్టుకున్న ప్రతివాడికీ పడేది. కళ్ళద్దాలు ఇచ్చేవారు, వేడికి అవి మసకబారితే నుదుటిమీదికి తోసుకునేవాళ్ళం. రవ్వ పడగానే ఎవరూ డిస్పెన్సరీకి వెళ్ళేవాళ్ళు కాదు. మా షాపులో ఒక పెద్దమేస్త్రీ ఉండేవాడు. ఆయన దగ్గర పాత రేడియో స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం ఉండేది. కన్ను తెరిచిపెట్టి, ఆ అయస్కాంతాన్ని రెప్పకు తగిలీతగలకుండా పెట్టి, "అటు సూడు, ఇటు సూడు" అనేవాడు. రవ్వ కదిలి పైకి వస్తే అగ్గిపుల్లకు చుట్టిన దూదితో తీసేవాడు. రాకపోతే, "అదే పోతాది, నిద్దరోతే కరిగిపోతాది" అనేవాడు. ఇనుము నిద్రలో ఎలా కరుగుతుందని ఎవరూ అడగలేదు.

డిస్పెన్సరీకి ఎందుకు వెళ్ళేవాళ్ళం కాదంటే, షాపు గుమ్మం దగ్గర ఒక బోర్డు ఉండేది. ప్రమాదం జరగకుండా ఎన్ని రోజులయిందో దానిమీద రాసేవారు. డిస్పెన్సరీలో ఒక్క కన్ను చూపించినా ఆ అంకె చెరిపేసి సున్నా పెట్టేవారు. ఏడాదంతా సున్నా పడకపోతే విశ్వకర్మ పూజనాడు, యంత్రాలకు పూలదండలు వేశాక, షాపులో అందరికీ స్టీలు టిఫిను డబ్బా ఇచ్చేవారు. ఒక్కడి కంటికోసం అందరి డబ్బా పోగొట్టినవాడితో ఎవరు మాట్లాడతారు? మా ఇంట్లో పప్పులూ ఉప్పులూ ఇప్పటికీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి.

కాబట్టి "చోట్" అంటే లేదన్నాను. ఇనుము పడిందా అని అడిగి ఉంటే పడిందనేవాణ్ణి. ఈ ఊళ్ళో యంత్రం పెట్టుకున్నవాడికి ఈ ఊరివాళ్ళను ఏమని అడగాలో తెలియక్కర్లేదా?

బల్లమీద పడుకోబెట్టాడు. కుడిచేతిలో ఒక రబ్బరు బంతి పెట్టాడు, దానికో సన్నగొట్టం. ఏదైనా ఇబ్బందైతే నొక్కండి, బయట నా దగ్గర గంట మోగుతుంది అన్నాడు. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు తగిలించాడు. "హిలియేగా మత్, అంకుల్. బహుత్ తాకత్‌వాలా చుంబక్ హై, ఇనుము ఎక్కడున్నా లాగేస్తుంది" అని నవ్వి, తలుపు మూసుకుని వెళ్ళాడు. బల్ల మెల్లగా లోపలికి కదిలింది.

చుంబక్ అన్న ఆ మాట హెడ్‌ఫోన్లు పెట్టాక కూడా చెవిలోనే ఉండిపోయింది. స్పీకరు అయస్కాంతం గుర్తొచ్చింది. పెద్దమేస్త్రీ వేలు నా రెప్పమీద ఆనినట్టే అనిపించింది. ఆయన తీసినవి తీశాడు. తీయలేకపోయినవి, నిద్దరోతే కరిగిపోతాయన్నవి, ఎక్కడికి పోయాయి? అరచేతిలో పట్టేంత అయస్కాంతానికే రవ్వ కదిలేది. ఇప్పుడు నేను వెళ్తున్నది గదంత అయస్కాంతంలోకి. ఎడమకంట్లో నీళ్ళు తిరిగాయి. నిజంగా తిరిగాయో, భయంతో తిరిగాయో నాకిప్పటికీ తెలియదు. బల్ల కదులుతూనే ఉంది. నుదుటిమీదికి ఆ గొట్టం అంచు వచ్చింది.

బంతి నొక్కాను.

బల్ల ఆగలేదు. మళ్ళీ నొక్కాను. బంతి చేతిలో ఉందో లేదో తెలియలేదు. చూద్దామంటే తల కదపడానికి లేదు, ఉన్నా గొట్టం అడ్డు. గుప్పిట బిగించమని నా చేతికి చెబుతున్నాను. చెయ్యి వింటున్నదో లేదో నాకు చెప్పేవాళ్ళు లేరు. గుండీల దగ్గరైతే కళ్ళు ఉండేవి. ఇక్కడ కళ్ళు కూడా పనికిరావు, పైగా కన్నే పోయేటట్టు ఉంది. అప్పుడు అరిచాను. హిందీలో కాదు, తెలుగులో కూడా కాదు, ఉత్త అరుపు.

బల్ల వెనక్కి వచ్చింది. టెక్నీషియన్ పరుగున వచ్చాడు. "క్యా హువా అంకుల్?"

కంట్లో ఇనుము అన్నాను. ఎన్నోసార్లు పడింది, అంతా తీశారో లేదో తెలియదు అన్నాను.

అతను తల పట్టుకున్నాడు. "ముందే అడిగాను కదా!"

"నువ్వు చోట్ అడిగావు. అది చోట్ కాదు."

"తీసినట్టు ఏదైనా కాగితం ఉందా?"

అగ్గిపుల్లతో తీసినవాడు కాగితం ఇస్తాడా? ఆ మాటే అన్నాను. కంటికి ఎక్స్‌రే తీయించుకుని, లోపల ఏమీ లేదని రాయించుకొస్తే తప్ప బల్ల ఎక్కించనన్నాడు. ఆ సంగతిలో అతన్ని నేను తప్పుపట్టను. తర్వాత అన్న మాటలో తప్పుపడతాను.

"బాల్ దబానా థా. అరవడం ఎందుకు?"

"నొక్కాను."

అతను బంతి తీసుకుని రెండు వేళ్ళతో నొక్కాడు. బయట గంట గణగణ మోగింది. "దేఖియే, బాల్ ఠీక్ హై" అన్నాడు.

బంతి సరిగ్గానే ఉంది. గొట్టం సరిగ్గానే ఉంది. గంట సరిగ్గానే ఉంది. అయితే సరిగ్గా లేనిదేమిటి? అక్కడ చదువుకున్నవాళ్ళు ఉన్నారు. ఆ ప్రశ్న ఒక్కరికీ రాలేదు. ఆటోలో మా అమ్మాయి, "పాపా, అందరిముందూ ఇలా తమాషా చేస్తారా" అని హిందీలో గొణిగి, సిద్ధగోరా వచ్చేదాకా బయటికే చూస్తూ కూర్చుంది.

కంటి ఎక్స్‌రే మర్నాడే తీశారు. చూసి సంతకం పెట్టాల్సిన డాక్టరు ఛట్ పండక్కి ఊరెళ్ళాడు. పండగ అయింది, ఘాట్ల దగ్గర కట్టిన వెదుళ్ళు కూడా విప్పేశారు, ఆయన రాలేదు. ఈలోగా నా ఒంట్లో పని ఆగలేదు. ముఖం కడుక్కోవడానికి మెడ వంచితే వెన్నులోంచి కాళ్ళదాకా కరెంటు కొట్టేది. బాత్రూములో పడ్డాను. పడ్డవాణ్ణి లేవడానికి చేతులు ఆనిస్తే చేతులు ముడుచుకుపోయాయి. ఇంకోటి కూడా మొదలైంది. బాత్రూముకు వెళ్ళేదాకా ఆపుకోలేకపోవడం. అన్నీ చెప్పుకునే నేను అది మాత్రం ఇంట్లో చెప్పలేదు.

కరెంటు సంగతి డాక్టరుకు చెప్పడానికి వెళ్తే, తలుపు దగ్గర మనిషి, స్కాన్ తెచ్చారా అని అడిగి, లేదంటే తెచ్చాకే రమ్మన్నాడు. లోపల డాక్టరు కనిపిస్తూనే ఉన్నాడు.

పరామర్శకు మా బావమరిది వచ్చాడు. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ అన్నాడు: "నివ్వు గమ్మున పడుకునుంటే ఆ రోజే అయిపోను కదా బావా. నీకు నివ్వే సేసుకున్నావు."

"కన్ను పోతే నువ్విత్తావేటి?"

"కన్నుకేటయింది? బాగానే ఉంది కదా, నన్ను తినీసేటట్టు సూత్తన్నావు."

మా అమ్మాయి నవ్వాపుకుంది. నాకు నవ్వు రాలేదు. కానీ రాత్రి పడుకుంటే వాడి మాట రంపంలా కోసింది. అరవకుండా ఉంటే ఏమయ్యేది? కన్ను నిలిచేదో పోయేదో. అయితే ఒకటి. ఆ రోజు స్కాన్ అయ్యుంటే తీసేది నడుముకే. నడుము బాగానే ఉందని రాసి, ఇంక నీకేమీ లేదు పొమ్మనేవారు. ఈ లెక్క మా బావమరిదికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

చివరికి ఎక్స్‌రే కాగితం వచ్చింది. కంట్లో ఏమీ లేదు. మళ్ళీ కాసిడీహ్ వెళ్ళాం. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది, ఎందుకంటే నన్ను పట్టుకోవడానికి ఒకరు చాలడంలేదు. మెడలో గొలుసుతో లోపలికి రాకూడదన్నారు. తలుపు బయటే నిలబడింది.

అదే టెక్నీషియన్. ఈసారి మర్యాదగానే ఉన్నాడు. బల్లమీద కూర్చోబెట్టి, రబ్బరు బంతి తెచ్చి నా ఎడమచేతిలో పెట్టాడు.

"ఆ రోజు కుడిచేతిలో పెట్టావు" అన్నాను.

"హాఁ అంకుల్. ఆ చెయ్యి పనిచేయదు కదా మీకు, అందుకని మార్చాను."

ఎంత తేలిగ్గా అన్నాడో! నేను ఆసుపత్రిలో అన్నిసార్లు చెప్పిన మాట, ఎవరూ రాయని మాట, ఇతనికి తెలుసు. తెలిసి ఊరుకున్నాడు.

"పనిచేయదని నీకు తెలుసా?"

"ఆ రోజు నొక్కలేకపోయారు కదా."

"తెలిస్తే ఎవరికి చెప్పావు?"

"అది నా పని కాదు, అంకుల్. లేట్ జాయియే."

నేను పడుకోలేదు. నా చెయ్యి ఎందుకు నొక్కలేకపోతున్నదో ఎవరైనా చెప్పేదాకా పడుకోనన్నాను. నడుముకు స్కాన్ రాశారు, నడుముతో బంతి నొక్కుతారా అని అడిగాను. అతను వాచీ చూసుకున్నాడు. బయట ఇంకా జనం ఉన్నారన్నాడు. ఉండనీ అన్నాను. మా అమ్మాయి తలుపులోంచి, "పాపా, ప్లీజ్!" అంది. ఆ గొంతులో ఏడుపు ఉంది. నా కాళ్ళు వణుకుతున్నాయి, కూర్చున్నా వణుకుతున్నాయి. ఈరోజు కూడా దించేస్తే మళ్ళీ ఇంత దూరం నడిచి రాగలనో లేదో నాకు తెలియదు. అయినా పడుకోలేదు.

అప్పుడు మా ఆవిడ గొంతు వినిపించింది. "ఒగ్గీవే, ఆయన్ని అడగనీ."

"మమ్మీ, ఆప్ భీ?"

"రోజూ గుండీలు ఎవులు పెడతన్నారే? నాను కాదేటి? నాకు తెలీదేటి ఆ సేతులు ఎలాగున్నాయో? డాకటేరుకి తెలవాల కదా!"

ఈ గొడవకు పక్కగదిలోంచి ఒకావిడ వచ్చింది. స్కానులు చూసి రిపోర్టు రాసే డాక్టరమ్మ. పొట్టిగా ఉంది, తెల్లకోటు మీద శాలువా కప్పుకుంది. టెక్నీషియన్ చెప్పబోతే చెయ్యెత్తి ఆపి, నావైపు తిరిగి, "ఆప్ బతాయియే" అంది.

నన్ను చెప్పమని అడిగిన మొదటి మనిషి ఆవిడే. ఇన్నాళ్ళూ నోటిచివర పెట్టుకున్నవాణ్ణి, అడిగేసరికి సరిగ్గా చెప్పలేకపోయాను. గుండీలు అన్నాను. చెప్పు అన్నాను. బంతి నొక్కాను, గంట మోగలేదు అన్నాను.

ఆవిడ ఆ బంతిని తీసి నా కుడిచేతిలో పెట్టి, నొక్కమంది. నొక్కాను. అందరం చూస్తున్నాం. వేళ్ళు బంతిని పట్టుకున్నాయి కానీ చిటికెన వేలూ దాని పక్కదీ వేరే ఎవరివో అయినట్టు పైకి తేలిపోయాయి. బంతి నొక్కుకోలేదు. గంట మోగలేదు. తర్వాత ఆవిడ నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, మధ్యవేలి గోరును చిన్నగా మీటింది. నా బొటనవేలు దానంతట అదే లోపలికి ముడుచుకుంది. నేను ముడవలేదు. మళ్ళీ మీటింది, మళ్ళీ ముడుచుకుంది. ఎడమచేతికీ అంతే.

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. ఆపుకోలేకపోవడం ఏమైనా ఉందా అని మెల్లగా, నాకు మాత్రమే వినపడేటట్టు అడిగింది. ఉందన్నాను. డాక్టరు రాసిన చీటీ చూసింది. ఆయనకు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. చూశారా, ఆయన నా మాటే కాదు, ఆవిడ మాట కూడా వినలేదు.

"మొత్తం వెన్ను ఒకసారి చూద్దాం, పైనుంచి కిందదాకా. బాధ్యత నాది" అంది టెక్నీషియన్‌తో. నాతో, "ఇప్పుడు పడుకుంటారా?" అంది.

పడుకున్నాను.

లోపల మోత మా ఫౌండ్రీ మోతే. ముందు సుత్తెదెబ్బలు, తర్వాత గ్రైండరు రొద, మధ్యలో ఉన్నట్టుండి ఏమీ లేకపోవడం. ఆ ఏమీ లేనప్పుడే భయం. ఉమ్మి మింగొద్దన్నారు, మింగాలనే అనిపించింది. కంట్లో నీరు చెంపమీదికి జారి చెవిదాకా పోయింది, తుడుచుకోవడానికి లేదు. ఎడమచేతిలో బంతి ఉంది. దాన్ని నొక్కకుండా, ఉందని మాత్రం తెలుసుకుంటూ పడుకున్నాను. చాలాసేపటికి మోత ఆగింది. ఎవరో వచ్చి బయటికి తీస్తారనుకున్నాను. రాలేదు. హెడ్‌ఫోన్లలో టెక్నీషియన్ గొంతు వినిపించింది. ఇందాకటి గొంతు కాదు, బాగా తగ్గిన గొంతు.

"అంకుల్, గర్దన్ కా ఔర్ లేనా పడేగా. బిల్కుల్ హిలియేగా నహీ."

గర్దన్ అంటే మెడ. ఆ మాట విన్నాక నాకు సంతోషం కలిగింది. నిజం చెబుతున్నాను, భయానికంటే ముందు సంతోషమే కలిగింది. ఆ తర్వాత భయం వచ్చింది, అది చాలాకాలం పోలేదు.

బొమ్మ చూపించింది డాక్టరమ్మ. ఎముకల వరస, దాని వెనక బూడిదరంగు తాడు, తాడుకు రెండువైపులా తెల్లగా నీరు. అదే వెన్నుపాము, మెదడునుంచి చేతులకూ కాళ్ళకూ కబురు మోసుకెళ్ళేది అదే అంది. కింద నడుము దగ్గర అంతా సాఫీగా ఉంది. పైన మెడ దగ్గర ముందునుంచి డిస్కు పొడుచుకొచ్చింది, వెనకనుంచి కండబంధం మందమై నొక్కింది. అక్కడ తెల్లనీరు రెండువైపులా లేదు. తాడు, తలుపుసందులో పడ్డ వేలులా ఉంది. ఆ తాడులోపల ఒక తెల్లమచ్చ. అదేమిటని అడిగాను. నొక్కుడు ఎక్కువకాలం ఉంటే అలా పడుతుంది అంది. పోతుందా అన్నాను. పోయినది వస్తుందో లేదో చెప్పలేను, ఇంకా పోకుండా ఆపాలి అంది. మెడకు పట్టీ తనే కట్టింది. షేర్ ఆటోలో కుదుపులతో పోవద్దంది. రిపోర్టు పైన తొందర అని పెద్దగా రాసి ఇచ్చింది.

మా ఆవిడ ఆ బొమ్మను చాలాసేపు చూసింది. "ఇంత పీసం తాడేటి? దీని మీదేనా మనిషి నిలబడతాడు?" అంది. మా అమ్మాయి ఏమీ అనలేదు. దారంతా నా భుజంమీద చెయ్యి తీయలేదు.

ఆపరేషన్ వేరే ఆసుపత్రిలో, వేరే డాక్టరు చేశాడు. మంచివాడే. కానీ ఆయన కూడా ఒక మాట అన్నాడు. "ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే బాగుండేది."

"ముందే వచ్చాను" అన్నాను.

ఆయనకు అర్థం కాలేదు. ఆయన తప్పు కాదు.

ఇప్పుడు కర్రసాయంతో నడుస్తాను. చెప్పు జారితే తెలుస్తుంది. బాత్రూము ఇబ్బంది పోయింది. ఎడమచేత్తో గుండీలు కింద మూడూ పెట్టుకుంటాను, పైవి మా ఆవిడ పెడుతుంది. కుడిచేతి చివరి రెండు వేళ్ళు రాలేదు. మా బావమరిది వచ్చి, "ఆ రోజు అలాగనీసినాను బావా, మనసులో ఎట్టుకోకు" అన్నాడు. పెట్టుకున్నాను. పెట్టుకున్నానని చెప్పాను కూడా. టీ ఇచ్చాం.

ఆ స్కాన్ బొమ్మ పట్టుకుని మొదటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గొడవకు కాదు. చూపించడానికే. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టి చూశాడు. "అచ్ఛా, గర్దన్ మే థా" అన్నాడు. బొమ్మ తిరిగి నా చేతికిచ్చాడు, కుడిచేతికి. అది జారి కిందపడింది. నేను వంగి తీసుకునేలోగా ఆయన తర్వాతి మనిషిని పిలిచేశాడు.

డాక్టరు గారూ, ఈ కాగితం ఎవరైనా మీకు చదివి వినిపిస్తారని రాస్తున్నాను. మీరు నన్ను నడిపించారు. గోడనుంచి తలుపుకు, తలుపునుంచి గోడకు. వచ్చిన ప్రతిసారీ చేతులు, చేతులు అన్నాను. అవి మీ బల్లమీదే, మీ ఎదురుగానే ఉన్నాయి. డాక్టరమ్మకు ఒక గోరు మీటడానికి పట్టినంతసేపు మీకు పట్టలేదు. యంత్రాన్ని నడుముకు పెట్టమంటే అది నడుమునే చూస్తుంది, దానికి మెదడు లేదు. మీకుంది.

"అచ్ఛా" అన్నది జవాబు కాదు. ఫిర్యాదుల పెట్టె జవాబు కాదు. ఈ వయసులో మామూలే అన్నది అసలే కాదు. నేను సిద్ధగోరాలోనే ఉన్నాను, ఇంట్లోనే ఉంటాను, ఎక్కడికీ పోలేను. మీరే చెప్పండి, మీరు కాకపోతే మీ పైవారు చెప్పండి: నా చేతులు ఎందుకు చూడలేదు?